పేరు కూడా తనది కాని జట్టు: స్పోక్యాన్ షాక్ కథ

2010 ఆగస్టు 20 రాత్రి అమెరికా వాయవ్యాన, వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు అంచున ఉన్న స్పోక్యాన్ అనే ఊళ్లో ఇండోర్ స్టేడియం కిక్కిరిసిపోయింది. ఆడుతున్నది ఎరీనా ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్. ఎదుటి జట్టు టాంపా బే స్టార్మ్, అప్పటికే ఐదుసార్లు ఛాంపియన్. సొంత ఊరి జట్టు స్పోక్యాన్ షాక్‌కు ఆ లీగ్‌లో అదే మొదటి ఏడాది. స్కోరు 69–57. షాక్ గెలిచింది. కింది స్థాయి లీగ్ కప్పూ, పై స్థాయి లీగ్ కప్పూ రెండూ అందుకున్న జట్టు ఎరీనా ఫుట్‌బాల్ చరిత్రలో ఇదొక్కటే.

పన్నెండేళ్లు తిరక్కుండానే అదే స్టేడియం ఈ జట్టుతో ఒప్పందం రద్దు చేసుకుంది. ఇప్పుడు ఆ పేరుతో జట్టు లేదు.

ఓడీ ఓడీ జనాన్ని పోగొట్టుకుని మూతపడిన జట్ల కథ అందరికీ అర్థమయ్యేదే. షాక్ అలా పోలేదు. ఏ లీగ్‌లో ఉన్నా ఎక్కువ ఏళ్లు బాగానే ఆడింది, టికెట్లు చాలాకాలం అమ్ముడవుతూనే ఉన్నాయి. అలాంటిది రెండుసార్లు చచ్చి, మధ్యలో ఒకసారి పేరు మార్చుకోవాల్సి వచ్చింది. ఇండోర్ ఫుట్‌బాల్ అనే వ్యాపారం లోపల ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ముందు ఈ ఆట సంగతి. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ మనం కాలితో ఆడేది కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. కోడిగుడ్డు ఆకారపు బంతి, హెల్మెట్లు, భుజాల మీద కవచాలు, ఢీకొట్టుకోవడాలు. దానికి మామూలుగా వంద గజాల మైదానం కావాలి. 1981 ఫిబ్రవరిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇండోర్ సాకర్ మ్యాచ్ చూస్తున్న జిమ్ ఫాస్టర్ అనే ఆయనకు, అదే హాల్లో ఫుట్‌బాల్ ఎందుకు ఆడకూడదు అన్న ఆలోచన వచ్చి, చేతిలో ఉన్న కవరు మీద మైదానం బొమ్మ గీసుకున్నాడు. ఐస్ హాకీ ఆడే చోట పచ్చగడ్డి తివాచీ పరిస్తే ఎంత స్థలం వస్తుందో అంతే మైదానం: పొడవు యాభై గజాలు, వెడల్పు 85 అడుగులు. పక్కకు పదకొండు మంది బదులు ఎనిమిది మంది. చుట్టూ గీత బదులు మెత్తలు కట్టిన గోడ. ఆటగాడు పరుగెత్తుకొచ్చి ఆ గోడకు గుద్దుకుని ఒక్కోసారి మొదటి వరుస ప్రేక్షకుడి ఒళ్లో పడతాడు. గ్యాలరీలోకి వెళ్లిన బంతి దొరికినవాళ్లదే.

అసలు కిటుకు రెండు చివర్లా వేలాడదీసిన వలల్లో ఉంది. గోల్‌పోస్టులకు అటూ ఇటూ బిగించిన ఈ వలలకు తగిలి వెనక్కొచ్చిన బంతి ఇంకా ఆటలోనే ఉన్నట్టు లెక్క. బంతిని తన్ని వదిలించుకునే పంట్ నిషేధం. దాంతో ఆట ఆగదు, పాయింట్లు కుప్పలుగా పడతాయి. ఒక్కో జట్టు యాభై, అరవై చేయడం మామూలే. ఫాస్టర్ ఈ వలల పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అది 2007 వరకు చెల్లింది. అందుకే మిగతా లీగ్‌లు ఆడేదాన్ని ‘ఇండోర్ ఫుట్‌బాల్’ అనీ, వలలున్న ఆటను ‘ఎరీనా ఫుట్‌బాల్’ అనీ వేరు చేస్తారు. ఒక ఆట నియమాలకే యజమాని ఉండటం క్రికెట్‌కు అలవాటుపడ్డ వాళ్లకు వింతగా తోస్తుంది. ఈ యజమాన్యం సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు మళ్లీ వస్తుంది.

ఎరీనా ఫుట్‌బాల్ లీగ్, పొట్టిగా ఏఎఫ్ఎల్, 1987లో నాలుగు జట్లతో మొదలైంది. దానికి ఊపు తెచ్చినవాడు కర్ట్ వార్నర్. కిరాణా దుకాణంలో రాత్రిపూట అరల్లో సరుకు సర్దిన ఈ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు), అయోవా బార్న్‌స్టార్మర్స్ అనే ఎరీనా జట్టులో మూడేళ్లు ఆడి, అక్కడి నుంచి అమెరికన్ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు చేరి, 2000 జనవరిలో దాని ఫైనల్ సూపర్ బౌల్ గెలిచాడు. ఆ ఏడాదే ఏఎఫ్ఎల్ చిన్న ఊళ్ల కోసం ‘ఏఎఫ్2’ పేరిట రెండో అంచె లీగ్ పెట్టింది. 15 జట్లతో మొదలై, 2002కల్లా 34 జట్లయింది. వార్నర్‌లాంటి వాడు తమ ఊరి నుంచీ వస్తాడని ప్రతి ఊరూ ఆశపడింది.

ఆశ అంతా ఆటగాళ్లది. లెక్క మాత్రం స్టేడియాలది. అమెరికాలో మధ్యతరహా ఊళ్లు చాలావాటిలో పదివేల సీట్ల హాకీ స్టేడియాలున్నాయి. హాకీ సీజన్ వసంతంలో ముగుస్తుంది. ఆపైన వేసవంతా కచేరీలు, సర్కస్‌లు వచ్చినప్పుడు తప్ప హాలు ఖాళీ. ఎన్‌ఎఫ్‌ఎల్, కాలేజీ ఫుట్‌బాల్ కూడా ఆగస్టు చివరిదాకా ఉండవు. ఫుట్‌బాల్ కోసం మొహం వాచిన జనం ఒకవైపు, ఖాళీ హాలు ఇంకోవైపు. మధ్యలో ఏఎఫ్2 వచ్చి కూర్చుంది. ఆటగాళ్లకు మ్యాచ్‌కు 200 డాలర్లు, గెలిస్తే ఇంకో 50. అంతే. చాలామంది పగలు ఏదో ఒక పని చేసుకుంటూ ఆడినవాళ్లే.

స్పోక్యాన్ ఈ లెక్కకు అచ్చుగా సరిపోయిన ఊరు. జనాభా రెండు లక్షలు. సియాటిల్‌కు దాదాపు 450 కిలోమీటర్ల దూరం, మధ్యలో కాస్కేడ్ పర్వతాలు. కాబట్టి సియాటిల్ పెద్ద జట్ల నీడ ఇక్కడ నేరుగా పడదు. 1995లో కట్టిన స్పోక్యాన్ ఎరీనాలో చలికాలమంతా స్పోక్యాన్ చీఫ్స్ హాకీ జట్టు ఆడుతుంది. పక్కనే చీనీలో ఉన్న ఈస్టర్న్ వాషింగ్టన్ యూనివర్సిటీకి మంచి ఫుట్‌బాల్ జట్టు ఉంది. (ఊరి పేరు ఇంగ్లిషులో చూసి చాలామంది ‘స్పోకేన్’ అంటారు. అలా అన్నవాళ్లు బయటివాళ్లని స్థానికులు ఇట్టే పట్టేస్తారు.)

బ్రేడీ నెల్సన్ యజమానిగా షాక్ 2006లో ఏఎఫ్2 బరిలోకి దిగింది. కోచ్ క్రిస్ సీగ్‌ఫ్రీడ్. కొత్త జట్టంటే మొదటి ఏడాది దెబ్బలు తినడం ఆనవాయితీ. షాక్ మొదటి ఏడాదే కప్పు గెలిచింది. ఎరీనాకప్ అనే ఆ ఏఎఫ్2 ఫైనల్ జరిగింది ఎక్కడో కాదు, కరీబియన్ సముద్రంలోని ప్వెర్టోరికోలో, సాన్ హ్వాన్ నగరంలో. విస్కాన్సిన్‌కు చెందిన గ్రీన్ బే బ్లిజర్డ్‌ను షాక్ 57–34తో ఓడించింది. మంచు కురిసే రెండు ఊళ్ల జట్లను తీసుకెళ్లి ఉష్ణమండల దీవిలో ఫైనల్ ఆడించడం ఏ మార్కెటింగ్ బుర్రకు తట్టిందో గానీ, చిన్న లీగ్‌లు పెద్ద లీగ్‌లలా కనిపించాలని పడే యావకు అదొక గుర్తు.

2008లో మళ్లీ ఫైనల్. టెనెసీ వ్యాలీ వైపర్స్ చేతిలో అదనపు సమయంలో 56–55తో, ఒక్క పాయింటు తేడాతో ఓటమి. ఆ కసి 2009లో లాస్ వేగస్‌లో తీరింది: విల్క్స్‌బారీ స్క్రాంటన్ పయొనీర్స్ మీద 74–27. యాభై గజాల మైదానంలో, పాయింట్లు ఇంత తేలిగ్గా వచ్చే ఆటలో, ఎదుటి జట్టును 27కి కట్టడి చేయడం 74 కొట్టడం కన్నా గొప్ప. నాలుగేళ్లలో మూడు ఫైనళ్లు, రెండు కప్పులు. ఇంటి దగ్గర మ్యాచ్ ఉందంటే పదివేల మంది వచ్చేవారు. కింది స్థాయి లీగ్‌లో అది మాటలు కాదు.

ఆ 2009 కప్పు ఏఎఫ్2 ఇచ్చిన చివరి కప్పు. లీగే లేకుండా పోయింది.

ఈ పతనం షాక్ చేసుకున్నది కాదు. ఎన్‌బీసీ టీవీలో ప్రసారాలు, ఎన్‌ఎఫ్‌ఎల్ యజమానుల పెట్టుబడులు చూసుకుని పై లీగ్ ఏఎఫ్ఎల్ ఖర్చులు పెంచుకుంటూ పోయింది. 2008 ఆర్థిక సంక్షోభం తగిలింది. 2009 సీజన్ మొత్తాన్ని రద్దు చేసుకుని, ఆ ఏడాది ఆగస్టులో దివాలాకు దిగింది. ఏఎఫ్2లో సగానికి పైగా వాటా ఏఎఫ్ఎల్‌దే. తల్లి అప్పుల పాలైతే పిల్ల ఆస్తి కూడా జప్తులోకి వచ్చినట్టు, ఆ ఏడాది మ్యాచ్‌లన్నీ సవ్యంగా ఆడి ముగించిన చిన్న లీగ్ కూడా సెప్టెంబరులో విడిపోయింది. స్పోక్యాన్‌లో టికెట్లు ఎన్ని అమ్ముడయ్యాయన్నదానితో దీనికి సంబంధమే లేదు.

విడిపోయిన జట్ల ముందు రెండు దారులున్నాయి. పక్క ఊరి జట్టు ట్రై సిటీస్ ఫీవర్ ఒక దారి పట్టింది: వలలు లేని, ఖర్చు తక్కువైన ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఐఎఫ్ఎల్‌లో చేరింది. ఏఎఫ్2 పెద్దలు, మిగిలిన పాత ఏఎఫ్ఎల్ యజమానులు కలిసి ‘ఎరీనా ఫుట్‌బాల్ 1’ అనే కొత్త లీగ్ పెట్టుకున్నారు. 61 లక్షల డాలర్లకు పాత ఏఎఫ్ఎల్ ఆస్తుల్ని దివాలా కోర్టు వేలంలో కొని, పాత పేరే పెట్టుకున్నారు. ఏఎఫ్2 అధ్యక్షుడు జెరీ కుర్జ్ దానికి కమిషనర్ అయ్యాడు. పేరు పాతది, లోపలి సరుకు చాలావరకు ఏఎఫ్2ది. షాక్ అటు వెళ్లింది. 2010లో 15 జట్లతో మొదలైన ఆ లీగ్‌లో రాబ్ కీఫ్ శిక్షణలో మొదటి ఏడాదే ఛాంపియన్ అయింది. మొదట్లో చెప్పుకున్న ఆగస్టు రాత్రి అదే.

దివాలా వేలంలో కొన్న ఆస్తులంటే ఏమిటి? కుర్చీలు, బల్లలు కాదు. పేర్లు, గుర్తులు, రంగులు, కప్పుల చరిత్ర. ఈ వ్యాపారంలో చేత్తో పట్టుకోగల సొత్తు దాదాపు ఉండదు. హాలు అద్దెది. ఆటగాళ్లతో ఒప్పందం ఒక్క సీజన్‌కే. టీవీ నుంచి చెప్పుకోదగ్గ డబ్బు రాదు. మరి రాబడి? ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో ఇంటి మ్యాచ్‌లు; వాటి టికెట్లు, ఊళ్లో కార్ల డీలర్లు, బ్యాంకులు, పిజ్జా దుకాణాలు ఇచ్చే ప్రకటనలు. హాల్లో అమ్మే బీరు, పార్కింగ్ లాంటి వాటి మీద వచ్చేదాంట్లో పెద్ద వాటా చాలాచోట్ల హాలు వాళ్లదే. ఖర్చుల పట్టీ మాత్రం పొడుగ్గా ఉంటుంది: అద్దె, తివాచీ పరచడం, తీయడం, ఆటగాళ్లకు వసతి, ప్రయాణాలు, అన్నిటినీ మించి గాయాల బీమా. మనిషిని మనిషి ఢీకొట్టడమే పనైనచోట కార్మిక పరిహార బీమా ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. మ్యాచ్‌కు 200 డాలర్లిచ్చే ఆటగాడి మోకాలు తప్పితే ఆపరేషన్‌కు వేలల్లో అవుతుంది.

పై లీగ్‌కు వెళ్లేసరికి ఈ పట్టీలో ప్రతి అంకె పెరిగింది. ఆటగాడి జీతం పెరిగింది. దూరాలూ పెరిగాయి, ఓర్లాండో, టాంపా, జాక్సన్‌విల్ ఉన్న ఫ్లోరిడాకు స్పోక్యాన్ నుంచి మూడున్నర వేల కిలోమీటర్ల పైమాటే. ఊరు మాత్రం అదే రెండు లక్షల ఊరు, అవే పదివేల కుర్చీలు. హాలు అప్పటికే నిండుతోంది గనక పెరగడానికి చోటు లేదు. గెలుపు షాక్‌కు తెచ్చిన మొదటి చిక్కు ఇది. కింది లీగ్‌లో ఈ జట్టే అందరికన్నా పెద్దది, పైన అందరికన్నా చిన్న ఊళ్లలో ఒకటి.

ఆట మాత్రం చెడలేదు. ఈస్టర్న్ వాషింగ్టన్‌లో చదివిన క్వార్టర్‌బ్యాక్ ఎరిక్ మేయర్ 2013లో షాక్ తరఫున లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఊరి పిల్లాడిలాంటి వాడు ఊరి జట్టులో ఆ స్థాయికి వెళ్లడం కన్నా ఏ చిన్న జట్టు ఏం కోరుకుంటుంది? కానీ లీగ్ కాళ్ల కింద నేల కదులుతోంది. అయోవా బార్న్‌స్టార్మర్స్ 2014 సీజన్ తర్వాత ఐఎఫ్ఎల్‌కు తరలిపోయింది. 2015లో న్యూ ఓర్లీన్స్, లాస్ వేగస్ జట్లు మూతపడ్డాయి. ఆ ఏడాది ఛాంపియన్ సాన్ హోసే సేబర్‌క్యాట్స్ సైతం కప్పు గెలిచిన కొన్ని నెలలకే కనుమరుగైంది. 2015 శరత్కాలంలో షాక్ కూడా ఐఎఫ్ఎల్‌కు మారుతున్నట్టు ప్రకటించింది. ఆరేళ్ల కిందట ఫీవర్ పట్టిన దారే.

అక్కడ తగిలింది దెబ్బ. ‘స్పోక్యాన్ షాక్’ అన్న పేరు మీద, గుర్తు మీద హక్కు ఏఎఫ్ఎల్‌ది. ఇవ్వడానికి లీగ్‌తో బేరం కుదరలేదు. పదేళ్లుగా ఊరంతా చొక్కాల మీద వేసుకు తిరిగిన పేరు, పిల్లల గోడల మీది పోస్టర్ల పేరు, ఒక్కసారిగా ఎక్కడో కూర్చున్న ఆఫీసు సొత్తని తేలింది. బార్న్‌స్టార్మర్స్, ఆ మరుసటి ఏడాది ఆరిజోనా రాట్లర్స్ తమ పేర్లతోనే ఐఎఫ్ఎల్‌కు వెళ్లగలిగాయి. స్పోక్యాన్‌కు ఆ వెసులుబాటు దొరకలేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామాను పట్టుకెళ్లొచ్చు గానీ గుమ్మం మీద రాయించుకున్న పేరు ఇక్కడే వదిలెయ్యాలని ఇంటాయన అన్నట్టు.

కొత్త పేరు ‘స్పోక్యాన్ ఎంపైర్’. తూర్పు వాషింగ్టన్, ఉత్తర ఐడహో ప్రాంతాన్ని పాతకాలం నుంచి ‘ఇన్‌లాండ్ ఎంపైర్’ అంటారు, అక్కణ్నుంచి తీసుకున్నది. పేరు వెనక ఆలోచన బాగానే ఉంది. పాత షాక్‌కు 2009 కప్పు తెచ్చిన కోచ్ ఆడమ్ షాకల్‌ఫోర్డ్ తిరిగొచ్చాడు. జట్టు 2016లో మొదటి ఏడాదే లీగ్ ఫైనల్‌కు వెళ్లింది. ఆ రోజుల్లో ఐఎఫ్ఎల్‌ను ఏలుతున్న సూ ఫాల్స్ స్టార్మ్ చేతిలో 55–34తో ఓడింది. గోల్‌పోస్టుల పక్కన వలలు లేవు. చొక్కా మీద షాక్ లేదు. స్పోక్యాన్ జనానికి ఇది కొత్త జట్టు, కొత్త ఆట. 2017 సీజన్ తర్వాత ఎంపైర్ మూతపడింది. తక్కువ ఖర్చు దారి పట్టిన ట్రై సిటీస్ ఫీవర్ అంతకు ఏడాది ముందే ఆగిపోయింది. కాబట్టి 2009లో షాక్ పక్క దారిన వెళ్లి ఉంటే బతికేదని అనుకోవడానికీ లేదు.

పేరు పట్టుకుని కూర్చున్న ఏఎఫ్ఎల్ గతి? 2018 నాటికి నాలుగు జట్లకు చిక్కింది. 2019 చివర్లో రెండోసారి దివాలా తీసింది. ఎవరికీ ఉపయోగపడకుండా బీరువాలో ఉన్న పేరుకు అప్పుడు విముక్తి దొరికింది.

శామ్ ఆడమ్స్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పేరున్న డిఫెన్స్ ఆటగాడు, 2001 జనవరిలో బాల్టిమోర్ రేవెన్స్ తరఫున సూపర్ బౌల్ గెలిచినవాడు. ఆయన స్పోక్యాన్‌కు ఐఎఫ్ఎల్ జట్టు తెచ్చి, పాత షాక్ పేరునే మళ్లీ పెట్టాడు. 2020లో మొదలవ్వాలి. కోవిడ్ వచ్చి ఆ సీజన్ మొత్తం రద్దయింది. 2021లో ఆడింది. 2022 సీజన్ మొదలవక ముందే కథ ముగిసింది: హాలు నడిపే ప్రభుత్వ సంస్థ అడిగిన ఆర్థిక పూచీ జట్టు చూపించలేకపోయింది, సంస్థ ఒప్పందం రద్దు చేసింది, ఆడటానికి చోటు లేని జట్టును లీగ్ వదిలేసింది.

హైదరాబాద్ క్రికెట్ అభిమానులకు ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. 2009లో, అంటే షాక్ 74–27తో గెలిచిన ఏడాదే, డెక్కన్ ఛార్జర్స్ ఐపీఎల్ గెలిచింది. అదీ సొంత గడ్డకు దూరంగా జోహన్నెస్‌బర్గ్‌లో. మూడేళ్లకు బీసీసీఐ ఆ జట్టును రద్దు చేసింది. బాంబే హైకోర్టు గడువిచ్చినా వంద కోట్ల బ్యాంకు గ్యారంటీ రాలేదు. 2009 కప్పు ఆ జట్టును కాపాడలేదు. తేడా ఎక్కడంటే, హైదరాబాద్ ఫ్రాంచైజీకి వెంటనే ఏడాదికి 85 కోట్లకు పైగా ఇచ్చి కొనేవాళ్లు దొరికారు. పేరు మారి సన్‌రైజర్స్ వచ్చింది, ఊళ్లో ఆట ఆగలేదు. ఐపీఎల్‌లో లీగ్ బలం జట్టుకు ఊతం. స్పోక్యాన్‌లో అది తిరగబడింది. జట్టుకు బలముంది, అది నిలబడ్డ లీగ్‌లే ఒకదాని తర్వాత ఒకటి కూలాయి.

స్థానిక యాజమాన్యం తప్పుల్లేవని కాదు. పై లీగ్‌కు వెళ్లేటప్పుడే పేరు హక్కు రాయించుకుని ఉండాల్సింది అని ఇప్పుడు అనడం తేలికే. 2010లో ఛాంపియన్‌గా నిలిచిన జట్టు ఆ లీగ్ వదిలి వెళ్లాల్సొస్తుందని ఎవరు ఊహిస్తారు? గెలిచినప్పుడు కాగితాలు ఎవరూ చదవరు. ఆడమ్స్ విషయంలోనూ అంతే: కొత్తగా మొదలయ్యే జట్టుకు మొదటి రెండు మూడేళ్లు నష్టమే, ఆ నష్టాన్ని ఓర్చుకునే నిల్వ డబ్బు ఉండాలి. తొలి సీజన్ ఆడకముందే ఒక ఏడాది కోవిడ్ తినేశాక ఆ నిల్వ ఎంత మిగులుతుంది? హాలు సంస్థను తప్పుపట్టడం కూడా కష్టం. అది ప్రజల డబ్బుతో నడిచేది, పూచీ అడగడం దాని పని. 2006లో నెల్సన్ జట్టు పెట్టినప్పుడు ఆ హాలు వేసవిలో ఖాళీగా ఉండేది గనక అద్దెదారు కోసం ఎదురుచూసేది. 2022 నాటికి ఆ ఎదురుచూపు అంతగా లేదు.

స్పోక్యాన్ ఎరీనాలో చీఫ్స్ హాకీ ఎప్పటిలాగే నడుస్తోంది. ఆ హాలు పక్కనే 2023లో ఐదువేల సీట్ల కొత్త బయటి స్టేడియం తెరిచారు. 2024 నుంచి అందులో స్పోక్యాన్ వెలాసిటీ అనే సాకర్ జట్టు మూడో అంచె లీగ్‌లో ఆడుతోంది. తొలి ఏడాదే లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది.